రాణి గుడ్డు అనేది లేదు

తేనెపట్టులో రాణి ఈగ, కూలి ఈగ రెండూ ఆడవే. రెండూ ఒకే రకం గుడ్డులోంచి వస్తాయి. అయినా రాణి రెండు మూడేళ్లు బతుకుతుంది, పూలు విరగబూసే రోజుల్లో రోజుకు వెయ్యిన్నర గుడ్ల దాకా పెడుతుంది. అదే కాలంలో పుట్టిన కూలి ఈగ ఆరు వారాలు తిరగకముందే రెక్కలరిగి రాలిపోతుంది. రాణి ఒక్కో అండాశయంలో నూట యాభైకి పైగా అండనాళికలుంటే కూలి ఈగకు పట్టుమని పది ఉండడం కూడా అరుదు. ఒకే జన్యు సరంజామాతో ఇంత తేడా ఎలా వస్తుందన్న ప్రశ్న దగ్గరే ఇవాళ ఎపిజెనెటిక్స్ పాఠం మొదలవుతుంది. జన్యువుల్లో రాసి ఉన్నది మారకుండానే, వాటిలో ఏవి పనిచేయాలో ఏవి ఊరుకోవాలో పిండదశలో, పసిదశలో తేలే తీరును వివరించే శాస్త్రం అది. పాఠ్యపుస్తకాల్లో ఈ కథ సాధారణంగా 2008లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ప్రయోగంతో మొదలవుతుంది. అది అన్యాయమని నా అభిప్రాయం. ఆ ప్రశ్నను సూటిగా అడిగినవాళ్లు, సగం జవాబు చెప్పినవాళ్లు తేనెటీగలు పెంచుకు బతికినవాళ్లు. వాళ్లు తేల్చిన సగం రెండున్నర శతాబ్దాలుగా చెక్కుచెదరలేదు. ప్రయోగశాలలు తేల్చాల్సిన మిగతా సగమే ఇంకా వాదోపవాదాల్లో ఉంది.

పట్టుకు పెద్దది మగదని, అది రాజని ప్రాచీన గ్రీకులు నమ్మారు. అరిస్టాటిల్ రాజులనే రాశాడు, రోమన్ కవి వర్జిల్ కూడా అంతే. 1586లో స్పెయిన్‌లో లూయిస్ మెండెజ్ దె తోరెస్ గుడ్లు పెట్టేది ఆ పెద్ద ఈగేనని రాశాడు. 1609లో ఇంగ్లండ్‌లో చార్లెస్ బట్లర్ తన పుస్తకానికి పేరే ఆడ రాజ్యం అని పెట్టాడు. డచ్ శాస్త్రవేత్త యాన్ స్వామర్‌డామ్ 17వ శతాబ్దంలో ఆ ఈగను సూక్ష్మదర్శిని కింద కోసి అండాశయాలు చూపించాడు. రాజు పోయి రాణి వచ్చింది, బాగానే ఉంది. కానీ లోపలి నమ్మకం మాత్రం కదల్లేదు. రాణి పుట్టుకతోనే రాణి, రాణి గుడ్డు వేరు, కూలి గుడ్డు వేరు అన్నదే అందరి ఊహ. మనుషుల్లో రాజవంశాలుండే రోజుల్లో ఈగల్లోనూ వంశం ఉంటుందనుకోవడంలో వింతేమీ లేదు. ఆ నమ్మకాన్ని పడగొట్టింది వేదాంతం కాదు, తేనె వ్యాపారంలోని ఒక ఇబ్బంది.

ఆ ఇబ్బంది ఇది. 18వ శతాబ్దపు యూరప్‌లో తేనెటీగల్ని గడ్డితో అల్లిన బుట్టల్లోనో, తొలిచిన చెట్టు దుంగల్లోనో పెంచేవాళ్లు. తేనె తీయాలంటే చాలాచోట్ల శరదృతువులో బుట్ట కింద గంధకం కాల్చి ఈగలన్నిటినీ చంపేవాళ్లు. మరుసటేటికి కొత్త పట్లు కావాలంటే ఈగలు వాటంతటవే గుంపుగా విడిపోయి బయటికి రావాలి. అవి ఎప్పుడొస్తాయో తెలీదు, వచ్చినా పక్క ఊరి చెట్టు మీద వాలితే దక్కవు. తేనె తీపికి, మైనం చర్చి కొవ్వొత్తులకు ఎప్పుడూ గిరాకీయే. మనకు కావలసినప్పుడు ఒక పట్టును రెండు చేసుకోగలిగితే ఈగల్ని చంపే పని తప్పుతుంది, ఆదాయమూ నిలకడగా ఉంటుంది. జర్మనీ తూర్పు అంచున ఉన్న ఎగువ లుసాటియాలో, క్లైన్‌బౌట్సెన్ అనే చిన్న ఊరి పాస్టర్ ఆడమ్ గాట్లోబ్ షిరాఖ్ ఈ పనికి పూనుకున్నాడు. 1766లో అక్కడ తేనెటీగల పెంపకందార్ల సంఘం పెట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆయనకు కావలసింది జీవరహస్యం కాదు. పట్టును రెండుగా విడదీస్తే ఒక సగానికి రాణి ఉంటుంది, రెండో సగానికి రాణిని ఎక్కడినుంచి తేవాలన్నదే ఆయన చిక్కు.

షిరాఖ్ చేసిన పని చూడడానికి చాలా చిన్నది. కూలి ఈగలు పుట్టే గదులున్న పట్టు ముక్క ఒకటి కోశాడు. ఆ గదుల్లో గుడ్లు, అప్పుడే పొదిగిన పిల్లపురుగులు ఉన్నాయి. ఆ ముక్కను చిన్న చెక్కపెట్టెలో పెట్టి, గుప్పెడు కూలి ఈగల్ని అందులో వేసి మూసేశాడు. పెట్టెలో రాణి లేదు, రాణి గదీ లేదు. ఈగలు కాసేపు గోల పెట్టి, తర్వాత పనిలో పడ్డాయి. ఒక పిల్లపురుగు ఉన్న గదిని ఎంచుకుని, చుట్టూ ఉన్న గదుల గోడలు కొరికి దాన్ని వెడల్పు చేశాయి, కిందికి వేలాడేలా పొడిగించాయి. చివరికది వేరుశెనగ కాయంత, అదే ఆకారంలో తయారైంది. లోపల పురుగు తేలేంత తెల్లని ఆహారం నింపాయి. మూతపడిన ఆ గదిలోంచి కొద్ది రోజులకు రాణి బయటికొచ్చింది. కూలి కావలసిన పురుగు రాణి అయింది. షిరాఖ్ ఈ పని పదేపదే చేశాడు, సంఘంలో మిగతావాళ్లూ చేశారు. 1771లో ఫ్రెంచిలో వచ్చిన ఆయన పుస్తకం పేరులో రాణి ఈగ జీవచరిత్ర, కొత్త గుంపులు తయారుచేసే విద్య రెండూ పక్కపక్కనే ఉన్నాయి. శాస్త్రం, వృత్తి ఆ పేరులో విడిపోలేదు. ఆ రోజుల్లోనే వియన్నాలో మహారాణి మరియా థెరీసా పెట్టించిన తేనెటీగల బడిలో పాఠాలు చెప్పిన ఆంటోన్ యాన్షా స్లొవేనియా రైతుబిడ్డే. అప్పటి తేనెటీగల విజ్ఞానంలో ఎక్కువ భాగం విశ్వవిద్యాలయాల బయటే పుట్టింది.

పండితులకు ఇది మింగుడుపడలేదు, అందుకు కారణముంది. అప్పుడు యూరప్‌లో జీవం ఎలా రూపుదిద్దుకుంటుందన్నదానిపై పెద్ద తగాదా నడుస్తోంది. గుడ్డులోనే మొత్తం శరీరం సూక్ష్మంగా సిద్ధంగా ఉంటుంది, పెరగడమే తరువాయి అన్నది ఒక పక్షం. ముందు ఆకారమేదీ ఉండదు, అవయవాలు ఒకదాని తర్వాత ఒకటి కొత్తగా ఏర్పడతాయన్నది రెండో పక్షం. 1759లో కాస్పర్ ఫ్రీడ్రిష్ వోల్ఫ్ కోడిపిండాన్ని పరీక్షించి రెండో పక్షానికి బలం చేకూర్చాడు. జెనీవాకు చెందిన షార్ల్ బోనె మొదటి పక్షానికి పెద్ద దిక్కు. షిరాఖ్ కబురు తెలిసినప్పుడు బోనెకు ముందు నమ్మబుద్ధి కాలేదు. ఆయన అనుమానం సహజమే. పట్టు ముక్కలో ఎక్కడో ఒక రాణి గుడ్డు దాగి ఉండొచ్చు కదా? ఈగలు సరిగ్గా దాన్నే ఎంచుకుని ఉండొచ్చు కదా? ఒక్కసారి జరిగితే ఈ వాదన నిలుస్తుంది. ఏ పట్టులోంచి ఏ ముక్క కోసినా, ఏ మూల పురుగునిచ్చినా రాణి వస్తున్నప్పుడు ప్రతి ముక్కలోనూ ఒక రాణి గుడ్డు పొంచి ఉందనాలి. అలా అన్నాక రాణి గుడ్డు, కూలి గుడ్డు అన్న తేడాకు అర్థమే ఉండదు. చివరికి బోనె ఒప్పుకుని, తన సిద్ధాంతానికి సర్దుబాటు చేసుకున్నాడు. కూలి ఈగలన్నీ ఆడవే, వాటి గర్భావయవాలు అణగారి ఉన్నాయి, ఆహారం వాటిని విప్పుతుందన్నాడు. అది ఓటమి ఒప్పుకోవడమే అనిపించవచ్చు గానీ, నేనలా అనుకోను. రెండు రూపాలకూ కావలసిన సామగ్రి గుడ్డులో ఉంటుంది, ఏది విప్పుకోవాలన్నది తర్వాత తేలుతుంది అన్నది నేటి జన్యుశాస్త్రానికి ఆ తగాదాలో అందరికంటే దగ్గరగా వచ్చిన మాట.

షిరాఖ్ వదిలిన సందులు పూడ్చినవాడు చూపులేని మనిషి. జెనీవా వాస్తవ్యుడు ఫ్రాన్స్వా యూబర్ యవ్వనంలోనే కళ్లు పోగొట్టుకున్నాడు. ఆయన అడిగిన ప్రశ్నకు కళ్లూ చేతులూ ఇచ్చినవాడు ఇంటి నౌకరు ఫ్రాన్స్వా బ్యూర్నెన్. పుస్తకంలా ఆకులాకులుగా తెరుచుకునే పెట్టె ఒకటి చేయించి, పట్టులో ప్రతి గదినీ బ్యూర్నెన్ చేత చూపించుకున్నాడు. బోనెకు రాసిన ఉత్తరాల రూపంలో 1792లో ఆయన పుస్తకం వచ్చింది. మూడు రోజుల వయసు పురుగే రాణి అవుతుందని షిరాఖ్ అనుకున్నాడు. కొద్ది గంటల పురుగునైనా, రెండు రోజుల పురుగునైనా ఈగలు రాణిని చేసుకోగలవని యూబర్ చూపించాడు. తర్వాత జెనీవాకే చెందిన జురిన్ అనే యువతి కూలి ఈగల్ని జాగ్రత్తగా కోసి, వాటిలోనూ చిన్నపాటి అండాశయాలున్నాయని చూసింది. కూలి ఈగ ఆడదా కాదా అన్న చర్చ దాంతో ముగిసింది. బ్యూర్నెన్ పేరు యూబర్ దాచలేదు, పుస్తకంలో గౌరవంగా చెప్పాడు. ఆ కాలంలో నౌకరుకు అలాంటి గుర్తింపు దొరకడం అరుదు కనుక చెబుతున్నాను.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వినాలి. ఇదంతా తిండి సంగతే కదా, సరిగా తింటే పెద్దదవుతుంది, తినకపోతే చిన్నదవుతుంది, దీన్ని జన్యువుల నియంత్రణ అనడమెందుకు? కూలి ఈగ తిండి చాలక కుంగిపోయిన రాణి అయితే ఈ మాట ఒప్పుకోవచ్చు. కానీ కాదు. కూలి ఈగ వెనక కాళ్లకు పుప్పొడి మోసే బుట్టలుంటాయి, రాణికి ఉండవు. పొట్ట కింద మైనం చెమర్చే గ్రంథులుంటాయి, రాణికి ఉండవు. కూలి ఈగ ముల్లుకు వెనక్కి రాకుండా పట్టే కొక్కేలుంటాయి కాబట్టే మనిషిని ఒకసారి కుడితే ప్రాణం పోతుంది. రాణి ముల్లు దాదాపు నున్నగా ఉంటుంది, ఎన్నిసార్లయినా గుచ్చగలదు, తోటి రాణుల మీదే ఎక్కువగా వాడుతుంది. రాణి పదహారో రోజున బయటికొస్తే కూలి ఈగకు ఇరవై ఒక్క రోజులు పడుతుంది. బాగా తిన్నది త్వరగా పెరిగిందనుకున్నా, తక్కువ తిన్నదానికి అదనపు అవయవాలెలా వచ్చాయి? రెండూ వేరువేరు నిర్మాణ క్రమాలు. ఒకటి నడిస్తే రెండోది ఆగుతుంది.

ఒక క్రమం నుంచి రెండోదానికి మళ్లే దారి ఎప్పుడు మూసుకుపోతుందో కొలిచింది మళ్లీ వ్యాపారమే. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ కదిలే చట్రాల పెట్టె కనిపెట్టాక పట్టును చంపకుండా తేనె తీయడం సులువైంది, తేనె పెద్ద పరిశ్రమ అయింది. మంచి జాతి రాణులకు గిరాకీ పుట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బొరొడీనో ఊరివాడు గిల్బర్ట్ డూలిటిల్ 1889లో రాణుల పెంపకం మీద పుస్తకం రాశాడు. గుండ్రటి చెక్కపుల్లను కరిగిన మైనంలో ముంచి చిన్న కప్పులు తీస్తాడు. ఒక్కో కప్పులో చుక్కంత రాజాహారం, అంటే రాణి గదిలో ఈగలు నింపే ఆ తెల్లని ఆహారం, వేస్తాడు. కూలి గదిలోంచి కంటికి ఆనీ ఆనని పిల్లపురుగును సన్నని పుల్లతో ఎత్తి, ఆ చుక్క మీద పడుకోబెడతాడు. ఆ కప్పుల వరుసను రాణి లేని బలమైన పెట్టెలో పెడితే మిగతా పని ఈగలు చూసుకుంటాయి. ఇలా పెంచిన రాణుల్ని చిన్న చెక్కపంజరాల్లో, తోడుగా కొన్ని కూలి ఈగలతో, దారి తిండికి చక్కెర ముద్దతో తపాలాలో పంపేవాళ్లు. నా వాదనకు ఇందులో ముఖ్యమైనది పురుగు వయసు. ఒక్కరోజు లోపు పురుగునెత్తితే మంచి రాణి వస్తుంది. రెండు రోజులు దాటితే చిన్నది, తక్కువ గుడ్లు పెట్టేది వస్తుంది. మూడున్నర రోజులు మించితే అటూ ఇటూ కాని జీవి వస్తుంది, లేదా కూలే. నాసి రాణిని కొన్న రైతు మళ్లీ ఆ దుకాణం గడప తొక్కడు. అందుకని ఈ వయసు లెక్కను వ్యాపారులు గంటల దాకా పట్టించుకోవలసి వచ్చింది. పసిదశలో నిర్ణయం కొంతకాలమే తెరిచి ఉంటుంది, తర్వాత దారి మూసుకుపోతుంది అన్నది అభివృద్ధి జీవశాస్త్రంలో మూలసూత్రం. జన్యువు అన్న మాట పుట్టకముందే అది రాణుల అమ్మకందార్ల లెక్కల్లో ఉంది.

20వ శతాబ్దంలో శాస్త్రం ఈ తెరిచి ఉన్న కాలం లోపలికి చూడడం మొదలెట్టింది. 1942లో బ్రిటిష్ శాస్త్రవేత్త కాన్రాడ్ వాడింగ్టన్ ఎపిజెనెటిక్స్ అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. మన ఒంట్లో కాలేయ కణంలోనూ కంటి కణంలోనూ ఉన్న డీఎన్ఏ ఒకటే. పిండం ఎదిగే తొలిరోజుల్లో కొన్ని జన్యువుల మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు పడతాయి. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీద మరికొన్ని గుర్తులు పడతాయి. ఏ కణంలో ఏ జన్యువు పలకాలో వీటిని బట్టి స్థిరపడుతుంది, కణం రెండైనా ఆ గుర్తులు చాలావరకు వెంట వెళ్తాయి. 2006లో తేనెటీగ జన్యుపటం పూర్తయినప్పుడు ఒక ఆశ్చర్యం బయటపడింది. ప్రయోగశాలల ముద్దుబిడ్డ పండు ఈగలో కనిపించని మిథైల్ గుర్తుల యంత్రాంగం తేనెటీగలో పూర్తిగా ఉంది. రెండేళ్ల తర్వాత కాన్‌బెరాలో రిషార్డ్ మలేష్కా బృందం, కొత్త మిథైల్ గుర్తులు వేసే డీఎన్ఎంటీ3 అనే ఎంజైమ్ తయారీని అప్పుడే పొదిగిన పురుగుల్లో అణచింది. అలా చేసిన పురుగుల్లో 72 శాతం రాణుల్లా, ఎదిగిన అండాశయాలతో వచ్చాయి. రాజాహారం చేసే పనిని ఒక ఎంజైమును ఆపి చేయించారు. ఆ ప్రయోగానికి దక్కిన కీర్తి న్యాయమైనదే. అయితే పిల్లపురుగును గదిలోంచి క్షేమంగా ఎత్తి వేరే చోట పెంచవచ్చని, అది ఏ గంటలో ఏమవుతుందో తెలిసి ఉండాలని వృత్తి ముందే నేర్పకపోతే ఆ ప్రయోగానికి పునాదే లేదు.

ఆ తర్వాత చిక్కులు మొదలయ్యాయి, వాటిని దాచి ఈ కథ చెప్పడం నిజాయితీ కాదు. రాణి, కూలి మెదళ్లలో వందల జన్యువుల మీద మిథైల్ గుర్తులు వేరుగా ఉన్నాయని 2010లో ఒక అధ్యయనం చెప్పింది. 2012లో మరొకటి, అప్పుడే బయటికొచ్చిన రాణికీ కూలికీ మెదడులో అలాంటి తేడా దొరకలేదంది. 2011లో జపాన్ శాస్త్రవేత్త మసాకి కమకురా రాజాహారంలోని రాయలాక్టిన్ అనే ఒక్క ప్రోటీనే రాణిని చేస్తుందన్నాడు. 2016లో జర్మనీ బృందం తమ ప్రయోగాల్లో అలా జరగలేదని చెప్పింది, ఆయన తన మాట మీదే నిలబడ్డాడు. 2015లో అమెరికా శాస్త్రవేత్తలు కథను తలకిందులుగా చూశారు. పుప్పొడిలో, తేనెలో ఉండే ఒక మొక్క ఆమ్లం పురుగు అండాశయాన్ని కుదిస్తుంది, రాజాహారంలో అది ఉండదు. అంటే రాణిని ప్రత్యేకంగా తయారుచేయడం ఎంత నిజమో, కూలిని ప్రత్యేకంగా తయారుచేయడమూ అంతే నిజం. 2020లో ఇంకొక బృందం ఆహారం గుణం కంటే పరిమాణమే ప్రధానమంది. 2018లో మాత్రం నాలుగు రోజుల పురుగుల్లోనే హిస్టోన్ గుర్తులు రెండు దారుల్లో చీలిపోయి ఉన్నాయని తేలింది. నా దృష్టిలో ఇప్పటిదాకా వచ్చిన ఆధారాల్లో అది బరువైనది. ఎదిగిన ఈగ మెదడులో దొరికే తేడా నిర్ణయానికి కారణమో ఫలితమో చెప్పలేం. నిర్ణయం జరుగుతున్న రోజుల్లోనే దొరికిన తేడాకు విలువ ఎక్కువ.

వీటిని చూపి కొందరు మొత్తం సంగతినే కొట్టిపారేస్తారు. బ్రెజిల్‌లోని కుట్టని తేనెటీగలు మెలిపోనాల్లో రాణి కావడం చాలావరకు జన్యువుల పనేనని 1950లో వార్విక్ కెర్ ప్రతిపాదించాడు కదా అంటారు. మన తేనెటీగల్లోనూ కొన్ని తండ్రుల సంతానం రాణులుగా ఎక్కువగా ఎంపికవుతుందన్న పరిశీలనలున్నాయి కదా అంటారు. నిజమే, వారసత్వం మొగ్గును కొంత మారుస్తుంది. కానీ మొగ్గు వేరు, నిర్ణయం వేరు. ఏ తండ్రి సంతానమైనా కూలి గదిలో వదిలేస్తే కూలే, ఒక్కరోజు లోపు రాణి గదిలోకి మారిస్తే రాణే. మిథైల్ గుర్తులా, హిస్టోన్లా, హార్మోన్లా, ఇవన్నీ ఏ వరుసలో పనిచేస్తాయన్నది తేలకపోవడం షిరాఖ్ చూపినదాన్ని రవ్వంతైనా తగ్గించదు. నిర్ణయం గుడ్డు బయట జరుగుతుందని తెలిశాకే కదా దాన్ని ఎవరు జన్యువులకు చేరవేస్తున్నారని వెతికింది.

ఈ విద్య మన దాకా వచ్చింది కూడా. 1910ల్లో తమిళనాట రెవరెండ్ న్యూటన్ అనే క్రైస్తవ గురువు దేశవాళీ ఈగకు సరిపోయే చిన్న పెట్టె తయారుచేశాడు. దక్షిణాదిలో అది న్యూటన్ పెట్టెగానే నిలిచింది. 1960ల్లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో ఇటాలియన్ ఈగ కుదురుకున్నాక దేశమంతా పెద్ద పెట్టెలు వ్యాపించాయి, మన పొద్దుతిరుగుడు చేల పక్కనా కనిపిస్తాయి. రాణి పోయిన పెట్టెను నిలబెట్టడానికి మన పెంపకందారు పక్క పెట్టెలోంచి గుడ్లు, లేత పురుగులు ఉన్న చట్రం తెచ్చి పెడతాడు. అది షిరాఖ్ ప్రయోగమే. మరోవైపు రాజాహారాన్ని యవ్వనం నిలిపే మందని సీసాల్లో అమ్ముతున్నారు. పిల్లపురుగు మూడు రోజుల వయసులో జరిగే మలుపుకూ ఎదిగిన మనిషి ఆరోగ్యానికీ ఏ ముడీ లేదు, ఆ డబ్బు తేనెకు పెట్టడం మేలు. ఎపిజెనెటిక్స్ చెప్పే కళాశాల అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. పాఠాన్ని 2008 నుంచి కాకుండా 1760ల నుంచి మొదలెట్టండి. దగ్గర్లోని పెంపకందారును బతిమాలి, రాణిలేని చిన్న పెట్టెలో లేత పురుగుల చట్రం ఒకటి పెట్టించి, ఈగలు గది గోడలు కొరికి రాణి గది కట్టడం విద్యార్థులకు చూపించండి. అందుకు ప్రయోగశాల అక్కర్లేదు, రెండు వారాల ఓపిక చాలు.